మిగ్-21 ఇంజిన్ ఆగాక వినిపించే చప్పుడు

అమ్మా, మీ ప్రశ్న చదివాను. మీ అబ్బాయి ఎయిర్ ఫోర్స్‌కి ఎంపికయ్యాడని, టెక్నికల్ ట్రేడ్ రావచ్చని, చుట్టాలు మాత్రం "విమానాలు తుడిచే పనే కదా" అంటున్నారని రాశారు. యుద్ధ విమానాల దగ్గర గ్రౌండ్ క్రూ (నేల మీద ఉండి విమానాన్ని చూసుకునే సిబ్బంది) అసలు ఏం చేస్తారో, మిగ్-21 మీద పనిచేసినవాళ్ళు ఎవరైనా చెప్పమన్నారు. నేను 1984 నుంచి 2004 దాకా భారత వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టర్‌ని. అందులో ఎక్కువ ఏళ్ళు మిగ్-21 దగ్గరే గడిచాయి. కాస్త పెద్ద జవాబే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ తుడిచే సంగతి. అవును, తుడుస్తాం. రోజూ తుడుస్తాం. పొట్ట కింద వెల్లకిలా పడుకుని గుడ్డపీలికతో ప్రతి ప్యానెల్ అంచూ తుడుస్తాం. నిన్న సాయంత్రం శుభ్రంగా తుడిచి వదిలిన చోట ఈ రోజు చుక్క కనిపించిందంటే అది కొత్తగా కారింది. తుడవకపోతే పాత మరక ఏదో కొత్త మరక ఏదో తేలదు. ఆ చుక్కని వేలి మీదికి తీసుకుంటాం. ఎర్రగా ఉంటే హైడ్రాలిక్ నూనె. కిరసనాయిలు వాసన వేస్తూ కాసేపట్లో ఆరిపోతే ఇంధనం. జిడ్డుగా నిలిచిపోతే ఇంజిన్ ఆయిల్. అప్పుడు మొదలవుతుంది అసలు పని. ఎగిరేటప్పుడు గాలి ఆ నూనెని వెనక్కి ఈడ్చుకుపోతుంది, అందుకని మరక ఉన్నచోటే కారుతోందనుకోకూడదు. దానికి ముందు ఎక్కడో కారుతుంటుంది. ప్యానెల్ తీసి, టార్చి వేసి, చిన్న అద్దం పట్టుకుని ఒక్కో పైపు జాయింటూ చూసుకుంటూ ముందుకి వెళ్ళాలి. నాకు పని నేర్పిన సార్జెంట్ మొదటి నెలంతా నా చేత గుడ్డ పట్టించాడు. అప్పుడు కోపం వచ్చింది. రెండో నెలలో ఒక పొద్దున, ఆయన చెప్పకుండానే, ఒక పైపు నట్టు దగ్గర సన్నటి ఎర్ర గీత పట్టుకున్నాను. "ఇక స్పానర్ పట్టుకో" అన్నాడు.

మా రోజుల్లో ముందు బెల్గాం దగ్గర సాంబ్రాలో పరేడ్, క్రమశిక్షణ. ఆ తర్వాత నాకు చెన్నై పక్కన తాంబరంలో ట్రేడ్ ట్రైనింగ్. విమానం బాడీ, రెక్కలు, చక్రాలు చూసేవాళ్ళు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్లు. ఇంజిన్ మాది. కరెంటు, ఇన్‌స్ట్రుమెంట్లు, రేడియో, ఆయుధాలు, పారాచూట్లు, ఇవన్నీ వేరే వేరే ట్రేడ్‌లు. ఒక్క సీటున్న విమానం చుట్టూ ఇంతమంది తిరుగుతారు. ఒకరి పనిలో ఇంకొకరు చెయ్యి పెట్టరు, కానీ ఇంకొకరి ప్యానెల్ తెరిచి ఉంటే చూసీ చూడనట్టు పోరు కూడా. పిలిచి చెబుతారు. ఆ అలవాటు స్కూల్లో రాదు, టార్మాక్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, వస్తుంది.

ఆ పిల్లవాడికి విమానం గురించి కూడా నాలుగు మాటలు చెప్పండి. మిగ్-21 మన దగ్గరికి 1963లో వచ్చింది, చండీగఢ్‌లో 28వ స్క్వాడ్రన్‌కి. మనకి తొలి సూపర్‌సోనిక్ యుద్ధ విమానం అదే. ఆ తర్వాత ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ వాళ్ళు నాసిక్‌లో విమానాలు, ఒడిశాలోని కోరాపుట్‌లో ఇంజిన్లు తయారు చేశారు. మొత్తం మీద మన వైమానిక దళంలో 800కు పైగా మిగ్-21లు పనిచేశాయి. మేం వాటిని రకాన్ని బట్టి నంబర్లతో పిలిచేవాళ్ళం. ఎఫ్‌ఎల్ అయితే టైప్ 77, ఎం అయితే టైప్ 96, బిస్ అయితే టైప్ 75. నేను ఎక్కువగా చూసింది టైప్ 75. దాని ఇంజిన్ ఆర్-25. రీహీట్ (ఇంజిన్ వెనక భాగంలో అదనంగా ఇంధనం మండించి బలం పెంచడం) లేకుండా సుమారు 4,100 కిలోల థ్రస్ట్ (విమానాన్ని ముందుకి నెట్టే బలం), రీహీట్ వేస్తే సుమారు 6,850 కిలోలు. ఈ మొత్తం శక్తి కేవలం 7 మీటర్ల చిల్లర రెక్కల వెడల్పున్న విమానంలో. పక్కన నిలబడితే ఇంత చిన్నదా అనిపిస్తుంది. స్టార్ట్ చేశాక ఆ మాట ఎవరూ అనరు.

ఎగిరే రోజు మా పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఎగరడానికి ముందు చేసే తనిఖీ ఒకటి, దిగి మళ్ళీ ఎగరబోయే మధ్యలో చేసేది ఇంకొకటి, ఆ రోజు ఆఖరి ఫ్లైట్ తర్వాత చేసేది మరొకటి. వాటిని పొట్టిగా బీఎఫ్, టీఆర్, ఎల్ఎఫ్ అంటారు. ముక్కు దగ్గర గాలి లోపలికి పోయే ఇంటేక్ మూత, వేగం కొలిచే పీటో గొట్టం తొడుగు, చక్రాల పిన్నులు, సీటు పిన్నులు, వీటన్నిటికీ ఎర్ర జెండాలు వేలాడుతుంటాయి. బయల్దేరే ముందు అవన్నీ తీసి లెక్కపెట్టి పైలట్‌కి చూపించాలి. సీటు పిన్నుల విషయంలో ఒక్క మాట. పైలట్‌ని బయటికి విసిరేసే ఆ సీటు కింద పేలుడు మందు ఉంటుంది. విమానం హ్యాంగర్‌లో నిద్రపోతున్నట్టున్నా ఆ సీటు మాత్రం నిద్రపోదు. కాక్‌పిట్‌లోకి తల పెట్టే ముందు పిన్నులు ఉన్నాయా అని కళ్ళతో చూసుకోవాలి. పక్కవాడు "ఉన్నాయి" అని చెప్పినా సరే, మనం చూసుకోవాలి. మీవాడికి ఈ ఒక్కటి గుర్తుండాలి.

అన్నీ అయ్యాక ఫారం 700. అది ఆ విమానం జాతకం లాంటిది. ఏ పని ఎవరు చేశారు, ఎవరు తనిఖీ చేశారు, ఏ లోపం ఎప్పుడు వచ్చింది, ఎలా సరిచేశారు, అన్నీ అందులో ఉంటాయి. లోపాన్ని మేం స్నాగ్ అంటాం. ప్రతి ట్రేడ్ నుంచి సంతకం పడాలి. చివర్లో పైలట్ వచ్చి దాన్ని తిరగేసి, తను సంతకం పెట్టి విమానం తీసుకుంటాడు. ఆయన ఎన్ని పేజీలు చదివినా లోపలి పైపుల్ని విప్పి చూడలేడు కదా. మా సంతకాలు చూసి ఎక్కుతాడు. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు మొదటిసారి ఆ పుస్తకంలో సంతకం పెట్టాను. పెట్టి బ్యారక్‌కి వెళ్ళాక కూడా విమానం దిగిన చప్పుడు వినేదాకా పడుకోలేకపోయాను. ఏళ్ళు గడిచాక ఆ టెన్షన్ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పోకూడదు కూడా అని నా నమ్మకం.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. మా పనిలో లాకింగ్ వైర్ అని ఉంటుంది. నట్టు బిగించాక అది అదురుకి వదులవ్వకుండా సన్నటి స్టీల్ తీగని రెండు పేటలుగా మెలేసి కట్టేస్తాం. నట్టు వదులవ్వాలని చూస్తే తీగ బిగుసుకునేలా ఆ మెలిక దిశ ఉండాలి. చివర్న మిగిలిన కొసని కటింగ్ ప్లయర్‌తో కత్తిరించాలి. కత్తిరించేటప్పుడు ఎడమ చేత్తో ఆ కొసని పట్టుకోవాలని మొదటి రోజే నేర్పుతారు. లేకపోతే అది ఎగిరిపోతుంది. ఒక రాత్రి ఆఖరి నట్టు. ఒంటిగంట దాటింది. లోపలికి ఒక చెయ్యే పడుతుంది, రెండో చెయ్యి పట్టదు. కత్తిరించాను. "టిక్" మని వినిపించింది. కొస చేతికి రాలేదు.

సెంటీమీటరు ముక్క. పోయింది. చుట్టూ ఎవరూ చూడలేదు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఒక నిమిషం పాటు నా బుర్రలో ఆ మాట తిరిగింది, అబద్ధం చెప్పను. ఆ ముక్క పోయి కంట్రోల్ రాడ్ కీలులో ఇరుక్కుంటే ఏమవుతుందో తెలుసు. వైరింగ్ కనెక్టర్లో పడితే ఏమవుతుందో తెలుసు. వెళ్ళి వారంట్ ఆఫీసర్ గారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. వాచీ చూసుకున్నారు, తర్వాత పొద్దుటి ఫ్లయింగ్ లిస్టులోంచి ఆ విమానం నంబరు కొట్టేయించారు. నలుగురిని లేపారు.

అయస్కాంతంతో వెతికేద్దాం అనుకుంటారు కొత్తవాళ్ళు. ఆ తీగ స్టెయిన్‌లెస్ స్టీల్, అయస్కాంతానికి అంటదు. కళ్ళతోనే వెతకాలి. టార్చిని నేరుగా వేస్తే అన్నీ మెరుస్తాయి. పక్కనుంచి ఏటవాలుగా వేస్తే ముక్క నీడ పడుతుంది. ఆ నీడ కోసం చూడాలి. తెల్లారి నాలుగున్నరకి ఒక ఎలక్ట్రికల్ ఫిట్టర్‌కి కనిపించింది. రెండు పైపుల మధ్య, ఒక క్లాంపు రబ్బరు అంచున నిలబడి ఉంది. కర్ర పుల్ల చివర కాస్త గ్రీజు పూసి, అంటించి బయటికి తీశాడు. నా అరచేతిలో పెట్టి, "ఇదిగో నీ సొమ్ము" అని వెళ్ళి పడుకున్నాడు. వారంట్ ఆఫీసర్ గారు నా దగ్గర మొత్తం తీగ ముక్కలన్నీ తెప్పించి, పక్కపక్కన పేర్చి, దొరికిన ముక్క కొస కట్టిన తీగ కొసతో సరిపోతోందా అని భూతద్దంతో చూశారు. సరిపోయింది. అప్పుడు గానీ ప్యానెల్ మూయనివ్వలేదు. అది పాత ముక్క అయ్యుండి, నాది ఇంకా లోపలే ఉండిపోతే? అంత దూరం నేను ఆలోచించనే లేదు.

ఆ రోజు నన్ను శిక్షించి ఉంటే, ఆ తర్వాత ఇంకెవరూ వచ్చి చెప్పేవాళ్ళు కాదని ఇప్పటికీ అనుకుంటాను. చెప్పినవాడికి మాట పడనివ్వని మనిషి సెక్షన్‌లో ఉంటే ఆ సెక్షన్ విమానాలు బాగుంటాయి. అలా కానివాళ్ళ కింద కూడా పనిచేశాను. అక్కడ స్నాగ్‌లు పుస్తకంలో తక్కువ కనిపించేవి, విమానంలో మాత్రం తగ్గేవి కావు.

బయట పడే వస్తువుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. జెట్ ఇంజిన్ పెద్ద గాలి గొట్టం. ముందు ఏది ఉంటే అది లాగేస్తుంది. చిన్న రాయి, బోల్టు, జేబులోంచి జారిన పెన్ను మూత, ఏదైనా సరే లోపల తిరిగే బ్లేడుకి తగిలితే అంచు చిట్లుతుంది. ఆ చిట్లిన ముక్క వెనక బ్లేడుని కొడుతుంది. అందుకని పొద్దున్నే మేమంతా వరసగా నిలబడి, తల వంచుకుని, టార్మాక్ అంతా నడుస్తూ రాళ్ళు ఏరేవాళ్ళం. హోదాతో పని లేదు. స్క్వాడ్రన్ కమాండింగ్ ఆఫీసర్ వచ్చి మా పక్కన నడుస్తూ రాయి ఏరి జేబులో వేసుకోవడం చూశాను. పనిముట్ల పెట్టెలో ప్రతి స్పానర్‌కీ దాని ఆకారంలోనే గాడి చెక్కి ఉంటుంది. ఒక గాడి ఖాళీగా కనిపిస్తే విమానం కదలదు.

ఇక నా ట్రేడ్ అసలు మజా. ఇంజిన్ ఆపడం. విమానం వచ్చి ఆగుతుంది, చక్రాలు కదలకుండా చాక్స్ (అడ్డు దిమ్మలు) పెడతాం, పైలట్ ఇంజిన్ ఆపుతాడు. అందరూ నిచ్చెన వైపు చూస్తారు. ఇంజిన్ ఫిట్టర్ మాత్రం వెనక్కి వెళ్ళి స్టాప్‌వాచ్ నొక్కి చెవి పెడతాడు. ఇంధనం ఆగిపోయినా లోపలి రోటార్లు తిరుగుతూనే ఉంటాయి. నెమ్మదిగా ఈల సన్నబడుతుంది, గాలి ఊసులాగా మారుతుంది, చివర్లో బ్లేడ్లు వాటి గాడుల్లో కదిలే టకటకలు, తర్వాత నిశ్శబ్దం. అలా తిరిగి తిరిగి ఆగడానికి ఎన్ని సెకన్ల కంటే తక్కువ పట్టకూడదో పుస్తకంలో ఉంటుంది. తక్కువ పట్టిందంటే లోపల ఏదో పట్టేస్తోందని అర్థం. బేరింగ్ కావచ్చు, బ్లేడు కొస కేసింగ్‌ని రాస్తుండొచ్చు.

ఒకసారి నేను కార్పొరల్‌గా ఉన్నప్పుడు ఒక విమానం దిగింది. పైలట్ ఏ లోపమూ రాయలేదు. టైము పుస్తకంలో ఉన్న హద్దు లోపలే ఉంది. కానీ ఆఖర్లో, ఈల పోయాక, బియ్యంలో రాయి కొరికినట్టు ఒక చిన్న గరుకు చప్పుడు. ఒక్కసారే. నా పక్కనున్నతను వినలేదన్నాడు. ఆ రోజుకి ఆ విమానం ఇంకా రెండుసార్లు ఎగరాలి. పాత లెక్కలు తిరగేస్తే, వారం రోజులుగా ఆ ఇంజిన్ ఆగే టైము కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తోంది. ఏ రోజుకారోజు హద్దు లోపలే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. వరసగా రాసుకుంటే మాత్రం మెట్లు దిగుతున్నట్టు కనిపించింది.

ఆయిల్ ఫిల్టర్ తీశాం. తెల్ల గుడ్డ మీద బోర్లించి టార్చి వేస్తే సన్నటి వెండి పొడి మెరిసింది. వేళ్ళ మధ్య రాస్తే గరగరలాడింది. ఇంకెవరూ ఏమీ అనలేదు. ఇంజిన్ దింపేయమన్నారు.

మిగ్-21లో ఇంజిన్ దింపడం అంటే విమానాన్ని రెండు ముక్కలు చేయడమే. తోకతో సహా వెనక భాగమంతా బోల్టులు విప్పి, కంట్రోల్ రాడ్లు, పైపులు, వైర్లు అన్నీ విడదీసి, ట్రాలీ మీద వెనక్కి లాగాలి. అప్పుడు ఇంజిన్ నగ్నంగా బయటపడుతుంది. లాగేటప్పుడు నలుగురు నాలుగు వైపులా నిలబడి చేతులు చాచి, ఎక్కడా ఏదీ తగలకుండా, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ అంగుళం అంగుళం కదులుతారు. ఆ పని ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. ఈ ఇంజిన్లు కొన్ని వందల గంటలకే ఓవర్‌హాల్‌కి వెళ్ళేవి. ఇప్పటి ఇంజిన్లతో పోలిస్తే అది చాలా తక్కువ. కొత్త ఇంజిన్ పెట్టాక విమానాన్ని గట్టిగా కట్టేసి గ్రౌండ్ రన్ చేస్తాం, అంటే నేల మీదే ఇంజిన్ నడిపి చూస్తాం. చీకటి పడ్డాక రీహీట్ వేస్తే వెనక నుంచి మంట నాలుక బయటికి వస్తుంది. చప్పుడు చెవికి వినపడటం అటుంచండి, పక్కటెముకల్లో తెలుస్తుంది. నేల పాదాల కింద వణుకుతుంది.

మిగ్-21 దిగేటప్పుడు గంటకు 300 కిలోమీటర్ల చుట్టుపక్కల వేగం ఉంటుంది. ఆపడానికి తోక మొదట్లోంచి పారాచూట్ విచ్చుకుంటుంది. రన్‌వే చివర దాన్ని వదిలేస్తే మావాళ్ళు బండిలో వెళ్ళి తెచ్చుకుంటారు. ఆరబెట్టి, చిరుగులు చూసి, మళ్ళీ మడిచి పెట్టాలి. మడత తప్పితే విచ్చుకోదు. వర్షాకాలంలో తడిసి బరువెక్కిన ఆ గుడ్డని ఇద్దరు మోసుకురావడం నాకిప్పటికీ కళ్ళ ముందుంది.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక విడిభాగాలకి చాలా ఇబ్బంది పడ్డాం. ఒకే దేశంలో ఉన్న ఫ్యాక్టరీలు రాత్రికి రాత్రి వేర్వేరు దేశాల్లోకి వెళ్ళిపోయాయి. పాడై నిలబడిన ఒక విమానం నుంచి భాగం తీసి ఎగరగలిగే ఇంకోదానికి పెట్టడం మామూలైంది. ఒక పని రెండు పనులవుతుంది, ఇక్కడ విప్పాలి, అక్కడ బిగించాలి, రెండు పుస్తకాల్లోనూ రాయాలి. అలిసిపోయిన చేతులతో చేసే రెండో పనిలోనే తప్పులు దొర్లుతాయి. అప్పుడు ఎక్కువ జాగ్రత్త పడ్డాం.

1999 వేసవి వేరు. మే 26న కార్గిల్ కొండల మీద వాయుసేన దాడులు మొదలయ్యాయి. నేనున్న స్టేషన్‌లో అప్రమత్తత మామూలు కాదు. రన్‌వే పక్కనే ఉండే రెడీనెస్ ప్లాట్‌ఫారం మీద ఆయుధాలతో విమానాలు, పైలట్లు, మేము. హూటర్ మోగితే నిమిషాల్లో విమానం గాల్లో ఉండాలి. పైలట్ పరిగెత్తుకొచ్చే లోపల కరెంటు సప్లయి బండి తగిలించి ఉండాలి, నిచ్చెన ఉండాలి, మూతలు పోవాలి. రెక్క నీడలో పడుకునేవాళ్ళం. ఆ ఎండలో బయటి రేకు మీద చెయ్యి పెడితే చర్మం అంటుకునేది. అందుకే చేతులకి గుడ్డ చుట్టుకుని పనిచేశాం.

మే 27న వార్త వచ్చింది. ఇంకో స్టేషన్ నుంచి వెళ్ళిన మిగ్-27 ఇంజిన్ ఆగిపోయి ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత దూకాల్సి వచ్చింది. ఆయన ఎక్కడ దిగాడో వెతుకుతూ ఉండిపోయిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా మిగ్-21ని క్షిపణి కొట్టింది. ఆయన తిరిగి రాలేదు. ఆ స్క్వాడ్రన్ మాది కాదు. అయినా ఆ సాయంత్రం మా లైన్‌లో ఎవరూ మాట్లాడలేదు. అక్కడ ఆ విమానానికి ఆ పొద్దున చాక్స్ తీసినవాడు ఒకడుంటాడు కదా, నిచ్చెన పట్టుకున్నవాడు ఒకడుంటాడు కదా. అందరం వాణ్ణే తలచుకున్నాం.

మా లైన్ నుంచి వెళ్ళిన విమానం కూడా ఒకసారి తిరిగి రాలేదు. ఇది యుద్ధం కాదు, మామూలు ట్రైనింగ్ రోజు. వెళ్ళినవి నాలుగు, వచ్చినవి మూడు. గ్రౌండ్ క్రూ ఎప్పుడూ లెక్కపెడుతూనే ఉంటుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగో చోటు ఖాళీ. చాక్స్ అక్కడే ఉన్నాయి, నిచ్చెన అక్కడే ఉంది. పావుగంటలో ఒక ఆఫీసర్ వచ్చి ఆ విమానం ఫారం 700, మిగతా కాగితాలు అన్నీ తీసుకుని సీలు వేశారు. అది పద్ధతి. పైలట్ దూకాడని, బతికే ఉన్నాడని గంట తర్వాత తెలిసింది. ఆ గంట సంగతి రాయడం నా వల్ల కాదు.

ఆ పుస్తకంలో ఆ పొద్దున ఇంజిన్ గడిలో సంతకం నాది. విచారణ అయ్యేదాకా నేను చేసిన ప్రతి పని మనసులో మళ్ళీ చేశాను. ఆయిల్ మూత బిగించానా, బిగించాను. లాక్ చూశానా, చూశాను. అది రోజూ చేసే పని కావడంతో, నేను గుర్తు చేసుకుంటున్నది ఆ రోజుదా అంతకు ముందు రోజుదా అని అనుమానం. చివరికి పక్షి అని తేలింది. ఒకే ఇంజిన్ ఉన్న విమానానికి ఇంటేక్‌లోకి పెద్ద పక్షి వెళ్తే ఇంకో ఇంజిన్ ఆధారం ఉండదు. ఆ పైలట్ నెలల తర్వాత తిరిగొచ్చినప్పుడు నేరుగా మా సెక్షన్‌కి వచ్చి, మాలో ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని ఊపాడు. సీటు చూసిన ఆర్మమెంట్ ఫిట్టర్‌ని కౌగిలించుకుని చాలాసేపు వదల్లేదు.

అప్పటి నుంచి ప్రతి పనికీ ఒక గుర్తు పెట్టుకునే అలవాటు చేసుకున్నాను. మూత బిగించాక దాన్ని రెండు వేళ్ళతో తట్టి, పెదవి కదిలేలా విమానం నంబరు పలికేవాణ్ణి. ఏ విమానం, ఏ రోజు అనేది అలా మనసులో పడుతుంది. మీ అబ్బాయికి నేను చిట్కా చెప్పాలంటే ఇదే చెబుతాను.

మీరు అడగకపోయినా ఒక ముఖ్యమైన విషయం, చెవులు. మా తరంలో చాలామందికి వినికిడి తగ్గింది. ఇయర్ డిఫెండర్లు ఇచ్చేవాళ్ళు. కానీ ఎండలో చెమటకి జారుతున్నాయని, పక్కవాడి మాట వినపడదని తీసి మెడకి వేసుకునేవాళ్ళం. "ఒక్క నిమిషమే కదా" అనుకునేవాళ్ళం. అలాంటి నిమిషాలు ఇరవై ఏళ్ళలో ఎన్ని ఉంటాయో చూడండి. నాకు ఇప్పుడు కుడి చెవిలో రోజంతా సన్నటి ఈల మోగుతూనే ఉంటుంది. బియ్యంలో రాయి లాంటి ఆ చప్పుడు పట్టుకున్న చెవి అదే. మనవరాలు ఆ వైపు నుంచి పిలిస్తే వినపడదు, అందుకని ఇటు తిరిగి వచ్చి పిలుస్తుంది.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు పలికారు. ఎక్కడ మొదలైందో అక్కడే ముగిసింది. టీవీలో చూశాను. వ్యాఖ్యాత పైలట్ల పేర్లు చెబుతున్నాడు, అది న్యాయమే. నేను మాత్రం విమానం ఆగాక దాని వెనక వైపుకి నడిచి వెళ్ళే మనిషి కోసం చూశాను. కెమెరా అటు తిరగలేదు.

ఇక మీ ప్రశ్నలో ఆఖరి మాట. ఇప్పుడు 2022 నుంచి అగ్నివీర్ పద్ధతి, నాలుగేళ్ళ సర్వీసు. మా ఇరవై ఏళ్ళకీ దీనికీ పోలిక లేదు, ఆ తర్వాత ఎంతమందిని ఉంచుకుంటారన్న ఆలోచన మీకు ఉండటం సహజం. ఆ నిర్ణయం మీ ఇంట్లో మీరు కూర్చుని తీసుకోవాల్సింది. పని గౌరవం గురించి మాత్రం సందేహం పెట్టుకోవద్దు. వెళ్ళే ముందు ఒకసారి వినికిడి పరీక్ష చేయించి ఆ కాగితం ఇంట్లో దాచి ఉంచండి. ఆ తర్వాత ప్రతి ఏడాదీ చేయించుకుని దానితో పోల్చుకోమనండి. ఎయిర్‌ఫ్రేమ్ గానీ ఇంజిన్ గానీ వస్తే లాకింగ్ వైర్ ఒక చుట్ట కొని, రెండు బోల్టులు ఒక చెక్కకి బిగించి, ఎడమ చేత్తో కొస పట్టుకుని కత్తిరించడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోమనండి. ట్రేడ్ ఏదో తేలాక నాకు చెప్పండి. ఆ ట్రేడ్‌లో పనిచేసిన పాత మిత్రులు ఉన్నారు, మాట్లాడిస్తాను.